పెద్దయ్యాక చెబుతాలే

టీనేజి పిల్లలు ఐదేసి, ఏడేసి సంపుటాల ఫాంటసీ నవలలకు అతుక్కుపోవడం చూసి పెద్దవాళ్ళు చెప్పే కారణం ఒక్కటే. ఉన్న లోకం నచ్చక ఇంకో లోకంలోకి పారిపోతున్నారట. తిట్టేవాళ్ళదీ ఇదే మాట, మెచ్చుకునేవాళ్ళదీ ఇదే మాట. మెచ్చుకునేవాళ్ళు దానికి ‘ఊహాశక్తి’ అని పేరు పెడతారు, అంతే. నాకు ఈ జవాబు చాలదు. డ్రాగన్లూ మంత్రాలే కావాలంటే సినిమాలున్నాయి, ఫోన్లో గేములున్నాయి, వాటిలో డ్రాగన్ నిప్పులు కక్కితే గది అదిరిపోతుంది. అవన్నీ అరచేతిలో ఉండగా, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పిల్ల నెలల తరబడి వేల పేజీలు ఎందుకు చదువుతుంది? అర్థం కాని మాటలు దాటేస్తూ, ట్యూషనుకీ ట్యూషనుకీ మధ్య, సిటీ బస్సులో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడి మరీ ఎందుకు చదువుతుంది?

నేననుకునేది ఇది. ఈ నవలల్లో మంత్రదండాలు పైపై సరుకు. లోపల కథను లాక్కెళ్ళేది పెద్దవాళ్ళు పిల్లల దగ్గర దాచిన నిజం. అది ఒక్క దెబ్బకు బయటపడదు. పదకొండేళ్ళప్పుడు కొంచెం, పదమూడప్పుడు ఇంకొంచెం, పదహారొచ్చేసరికి మొత్తం. అంత సాగాలి కనుకే ఒక పుస్తకం సరిపోదు, సిరీస్ కావాలి.

హ్యారీ పోటర్ సంగతే చూడండి. 1997లో వచ్చిన మొదటి పుస్తకం చివర్లో, ఆసుపత్రి మంచం మీదున్న హ్యారీ హెడ్మాస్టరు డంబుల్‌డోర్‌ని అడుగుతాడు: ఆ దుష్టమాంత్రికుడు వోల్డెమార్ట్ అసలు నన్నెందుకు చంపాలనుకున్నాడు? ఆయన చెప్పడు. ఇవాళ కాదు, నువ్వు పెద్దయ్యాక తెలుస్తుందిలే అని దాటేస్తాడు. జవాబు ఎప్పుడొచ్చింది? ఐదో పుస్తకం చివర. అది 2003లో వచ్చింది. కథలో పిల్లవాడికి నాలుగేళ్ళు పట్టింది, పుస్తకాలు కొనుక్కున్నవాళ్ళకి ఆరేళ్ళు పట్టింది. 1997లో పదకొండేళ్ళున్న పాఠకుడు ఆ జవాబు చదివేసరికి పదిహేడేళ్ళవాడు. అప్పటికి ఆ దాపరికం ఖరీదు కూడా తేలిపోయింది, హ్యారీకి తండ్రిలాంటి మనిషి చచ్చిపోయాడు. ముందే చెప్పాల్సింది, నీ మీద ప్రేమ కొద్దీ చెప్పలేకపోయాను అంటాడు హెడ్మాస్టరు. హ్యారీ ఆ గదిలో చేతికందిన వస్తువల్లా పగలగొడతాడు.

ఇక్కడే మా అక్క కూతురు పుస్తకం మూసి వంటింట్లోకి వచ్చింది. (ఈ వ్యాసంలో తనని ‘గుంట’ అనే అంటాను. మా అమ్మ అలాగే పిలుస్తుంది, పైగా పేరు రాస్తే ఊరుకోదు.) ‘హ్యారీ కరెక్టే చేశాడు పిన్నీ’ అంది. చావును కళ్ళారా చూసినవాళ్ళకు మాత్రమే కనబడే రెక్కల గుర్రాలున్నాయి అదే పుస్తకంలో. నాకైతే వాటి దగ్గర ఒళ్ళు గగుర్పొడిచింది. గుంట వాటి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. హెడ్మాస్టరు ఎందుకు దాచాడు, దాచకపోతే ఏమయ్యేది, ఆయన ఏడ్చినంత మాత్రాన సరిపోతుందా, రాత్రి అన్నాలయ్యేదాకా ఇదే గొడవ.

ఒక్క సిరీస్ చూసి సూత్రం కట్టేయకూడదు కనుక మిగతావీ తిరగేశాను. ఫిలిప్ పుల్‌మన్ 1995లో మొదలుపెట్టిన మూడు పుస్తకాల కథలో లైరా అనే పిల్ల ఆక్స్‌ఫర్డ్ కాలేజీలో అనాథలా పెరుగుతుంది. అప్పుడప్పుడూ వచ్చిపోయే మనిషి బాబాయో మావయ్యో అనుకుంటుంది. ఆయన కన్నతండ్రి. తను భయపడి పారిపోయి వచ్చిన ఆవిడ కన్నతల్లి. ఈ సంగతి చెప్పేది ఇంట్లోవాళ్ళు కారు, పడవల మీద బతికే జనం పెద్ద. ఎరగాన్ సిరీస్‌లో అయితే దగా రెండు అంతస్తులది. రెండో పుస్తకంలో ఎవరో వచ్చి నీ తండ్రి ఫలానా దుర్మార్గుడు అంటారు, కుర్రాడు కుంగిపోతాడు. 2008 నాటి మూడో పుస్తకంలో తెలుస్తుంది, తనకు కత్తి పట్టడం నేర్పి, తన ఒళ్ళోనే చచ్చిపోయిన ముసలి గురువే తండ్రి అని. దీన్ని రాసిన క్రిస్టఫర్ పవొలీని ఆ కథ మొదలుపెట్టింది పదిహేనేళ్ళ వయసులో. ఆ వయసువాడు డ్రాగన్ల కథ రాస్తూ కూడా తండ్రి ఎవరన్న ముడిని మూడు పుస్తకాల పాటు విప్పకుండా దాచుకున్నాడంటే, ఆ వయసుకు ఏది ముఖ్యమో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

రిక్ రయర్డన్ రాసిన పెర్సీ జాక్సన్ కథ దగ్గర కాస్త ఆగాలి. ఆయన బడిపంతులు. కొడుక్కి అక్షరాలు తారుమారయ్యే డిస్‌లెక్సియా, ఒకచోట కుదురుగా కూర్చోలేని ఏడీహెచ్‌డీ. ఆ పిల్లవాడికి రాత్రిళ్ళు చెప్పిన కథే 2005లో పుస్తకమైంది. అందులో పన్నెండేళ్ళ పెర్సీకి కూడా అవే రెండు ఇబ్బందులు, బడి తరవాత బడి వాడిని వెళ్ళగొడుతుంటుంది. తరవాత తెలుస్తుంది, వాడు గ్రీకు సముద్రదేవుడి కొడుకు. అక్షరాలు ఎగిరిపోవడానికి కారణం వాడి బుర్ర ప్రాచీన గ్రీకు చదవడానికి తయారైనది కావడం, కుదురు లేకపోవడానికి కారణం యుద్ధంలో ప్రాణం కాపాడే చురుకు. తల్లికి ఇదంతా ముందే తెలుసు, కాపాడుకోవడానికి దాచింది. మన క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చోబెట్టి ‘మొద్దు’ అని ముద్ర వేసిన పిల్లలు ఎంతమంది? వాళ్ళలో ఒక్కడికి ఈ పుస్తకం దొరికితే వాడు లోకం నుంచి పారిపోయాడనాలా? తన గురించి మాస్టార్లు చెప్పింది పూర్తి నిజం కాదని మొదటిసారి విన్నాడనాలా?

మన ఇళ్ళల్లో దాపరికం ఒక పెంపకపు పద్ధతి. అప్పులు దాస్తాం, జబ్బులు దాస్తాం, అన్నదమ్ముల తగాదాలు దాస్తాం. ‘నువ్వు చదువుకో, ఇవన్నీ నీకెందుకు’ అనే మాట వినకుండా పెరిగిన తెలుగు పిల్ల ఉంటే నాకు చూపించండి. నేను తొమ్మిదిలో ఉండగా మా అమ్మ చేతులు ఒకరోజు బోసిగా కనిపించాయి. గాజులేవమ్మా అంటే మెరుగుకిచ్చానంది. ఆ మెరుగు ఎంతకీ తెమల్లేదు. నాన్న పనిచేసే కంపెనీలో ఏదో జరుగుతోందని, గాజులు తాకట్టులో ఉన్నాయని నాకు తెలుసు. నాకు తెలుసని అమ్మకూ తెలుసు. ఇద్దరం మెరుగు కబుర్లే చెప్పుకున్నాం. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసు అంటే ఇదే: నిజం ఏమిటో పూర్తిగా తెలియదు, ఏదో ఉందని మాత్రం బాగా తెలుసు.

మా బావగారిది మా విశాఖపట్నం స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. 2021 జనవరిలో స్టీల్ ప్లాంటులో వాటాలు మొత్తం అమ్మాలని కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించిందని వార్త వచ్చింది. కూర్మన్నపాలెంలో రోడ్డు మీదికి జనం వచ్చేశారు, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న పాత నినాదం మళ్ళీ గోడలెక్కింది. బయట అంత గట్టిగా అరుస్తుంటే ఇంట్లో మాత్రం గొంతులు తగ్గిపోయాయి. మా అక్కా బావా బాల్కనీలో తలుపేసుకుని మాట్లాడుకునేవారు. గుంటకి అప్పటికి పదేళ్ళు నిండాయో లేదో. తను ఈ లావు పుస్తకాలు పట్టుకున్నది ఆ తరవాతే. ఒకదానికి ఒకటి కారణమని నేను ఒట్టేసి చెప్పను. ఆ తలుపు మాత్రం నాకు మరుపు రాదు.

ఈ ఊరి పిల్లలకి పెద్దల బండారం ఒక్కసారిగా బయటపడిన రోజు ఇంకోటుంది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. ఆ గాలికి విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, ఊరంతా చెట్లు కూలి మోడైంది. కరెంటు ఎప్పుడొస్తుందో, పాలు ఎక్కడ దొరుకుతాయో ఏ ఇంట్లోనూ ఏ పెద్దమనిషికీ తెలియలేదు. పిల్లలు అడిగితే ‘వచ్చేస్తుందిలే’ అనేవాళ్ళం. మా పక్కింటి అబ్బాయికి అప్పుడు పదేళ్ళు. ఈమధ్య మాటల్లో అన్నాడు: ‘గాలికి భయమేయలేదాంటీ. నాన్న తలుపుకి వీపు ఆనించి కూర్చుని వణకడం చూశాను, దానికేసింది.’ ఆ అబ్బాయి మా ఇంట్లోంచి పట్టుకెళ్ళి తిరిగివ్వని పుస్తకాలన్నీ ఈ రకానివే.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో తరచు కలిసే మాస్టారొకరున్నారు, తెలుగు లెక్చరరుగా రిటైరయ్యారు. నా చేతిలో అలాంటి పుస్తకం చూసి, ‘ఏటమ్మా, రావిశాస్త్రి గారు తిరిగిన ఊళ్ళో మనకీ దెయ్యాల గోలేటి?’ అన్నారు. సరదాకి అన్నా అందులో నిజమైన అభ్యంతరం ఉంది. ఉత్తరాంధ్ర కథంటే వాస్తవం. చాసో విజయనగరంలో కూర్చుని రాసినా, కారా మాస్టారు పల్లెల గురించి రాసినా, రావిశాస్త్రి కోర్టు వరండాల్లో విన్నది రాసినా, ఉన్న లోకాన్ని ఉన్నట్టు చూపించడమే లెక్క. ఆ గీటురాయి మీద గీస్తే రెక్కల గుర్రాలు నిలవవు.

‘నిలుస్తాయి మాస్టారూ’ అన్నాను. రావిశాస్త్రి వకీలు. ఆయన కథల్లో చాలాచోట్ల కోర్టూ పోలీసూ డబ్బూ కలిసి ఒక నిజాన్ని తొక్కిపెడతాయి, చదివే మనకు అది తెలుస్తుంటుంది, బోనులో ఉన్నవాడికి తెలియదు. ఫాంటసీ సిరీస్‌లో ఆ బోనులో ఉన్నది పదమూడేళ్ళ పిల్ల. తొక్కిపెట్టింది మంత్రిత్వశాఖో, దేవతలో, కన్నవాళ్ళో. ఆమెకు తెలిసినంతే మనకూ తెలుస్తుంది, ఆమెతో పాటే మోసపోతాం. మాస్టారు కాసేపు ఆలోచించి, ‘అయితే మరి ఆ కర్రలూ చీపుళ్ళూ ఎందుకమ్మా, సూటిగా రాయొచ్చు కదా’ అన్నారు. దీనికి నా దగ్గరున్న జవాబు: సూటిగా రాస్తే ఆ వయసు పిల్ల చదవలేదు. అప్పు గురించి, జబ్బు గురించి, అమ్మానాన్నలు విడిపోతారేమోనన్న భయం గురించి ఉన్నదున్నట్టు రాసిన కథ తన ఇంటి మీదికే వచ్చి కూర్చుంటుంది. రాజ్యం, శాపం, చీకటిరాజు అన్నారనుకోండి, కాస్త ఎడం దొరుకుతుంది. ఆ ఎడం ఉంటేనే ధైర్యంగా చూడగలుగుతుంది. మాస్టారు ఒప్పుకోలేదు. తల మాత్రం ఊపారు, అది ఆయన మర్యాద.

మనకు ఇలాంటివి లేవా అంటారు. ఉన్నాయి, ఘనంగా ఉన్నాయి. మా మావయ్య బైండు చేయించి దాచిన పాత చందమామల్లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు చదివి పెరిగినదాన్ని నేను. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దశాబ్దాల పాటు ఆయన పేరైనా వేసుకోకుండా రాశారు. మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం. చిత్రకారుడు చిత్రా బొమ్మలతో నెలకో గండం. ఆ గండం ఎలా గడుస్తుందో తెలియాలంటే వచ్చే నెల దాకా ఆగాలి. వేగంలో, వింతల్లో వాటిని మించినవి ఇంగ్లీషులోనూ తక్కువే అని నా పట్టుదల. గుంటకి యక్షపర్వతం ఇచ్చాను. ఆపకుండా చదివేసి, ‘భలే ఉంది పిన్నీ. కానీ వీళ్ళకి ఇంట్లో ఎవరూ లేరేటి?’ అంది.

దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. యక్షపర్వతం వీరులు ఖడ్గవర్మా జీవదత్తుడూ మొదటి నెల ఎంత ధీరులో చివరి నెలా అంతే ధీరులు. ప్రమాదం ఎప్పుడూ బయటినుంచే వస్తుంది: మాంత్రికుడు, రాక్షసుడు, అడవి. అన్నం పెట్టిన చేయి తమకు అబద్ధం చెప్పిందేమోనన్న అనుమానం వాళ్ళకు రాదు. అందుకే అవి పదేళ్ళ పిల్లల కథలుగా అద్భుతం. పద్నాలుగేళ్ళ పిల్ల అడిగే ప్రశ్న వాటికి అందదు. అది రచయిత లోపమనడం అన్యాయం. ఆనాటి చందమామకు ఇంటిల్లిపాదీ పాఠకులే, నాయనమ్మ చదివి వినిపించే పత్రికలో నాయనమ్మ మీద అనుమానం పుట్టించే కథ వేయరు కదా.

అంతకంటే వెనక్కి వెళితే కాశీమజిలీ కథలున్నాయి. మధిర సుబ్బన్న దీక్షితులు గారు పన్నెండు భాగాలు రాశారు. పొడుగు సిరీస్ మనకు కొత్తేమీ కాదని చెప్పడానికి అదొక్కటి చాలు. కాశీకి పోతున్న మణిసిద్ధుడికి తోడు కావాలి. పశువులు కాసే కుర్రాడు వస్తానంటాడు, ఒక షరతు మీద: దారిలో నాకు వింతగా కనిపించిన దాని గురించి అడిగితే మజిలీలో దాని కథ చెప్పాలి. చెప్పకపోతే అక్కణ్ణుంచే వెనక్కి. మణిసిద్ధుడి దగ్గర ఏ సంగతైనా తెలియజేసే మణి ఉంది, అడిగిన ప్రతిదానికీ చెబుతాడు. పెద్దయ్యాక చెబుతాలే అనే ప్రసక్తే లేదు. అడిగే హక్కు ముందుగా రాయించుకుని బయల్దేరిన పిల్లవాడు తెలుగు సాహిత్యంలో నాకు తెలిసి వాడొక్కడే.

భారతంలో మాత్రం ఈ దాపరికం కథ నిండుగా ఉంది. కర్ణుడికి తను ఎవరో యుద్ధం నెత్తి మీదికొచ్చాక కృష్ణుడు చెబుతాడు, ఆ తరవాత కుంతి వచ్చి చెబుతుంది. అప్పటికి ఆ నిజంతో అతను చేయగలిగింది ఏమీ లేదు. యుద్ధం అయిపోయి తర్పణాలు వదిలేటప్పుడు కుంతి మిగతా కొడుకులకు చెబుతుంది. ధర్మరాజుకి అన్నను చంపుకున్నామన్న దుఃఖం కోపమై, ఆడవాళ్ళ నోట రహస్యం నిలవకుండా పోవాలని శపిస్తాడు. దాచింది ఒక్క తల్లి, శాపం లోకంలోని ఆడవాళ్ళందరికీ! ఆ న్యాయం సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇక అభిమన్యుడు. లోపలికి వెళ్ళడమే తెలుసు, బయటికి రావడం తెలియదు అని ఆ కుర్రాడు ముందే చెప్పాడు. మేం నీ వెనకే వస్తాం కదా అన్నారు పెదనాన్నలు. సైంధవుడు అడ్డుపడ్డాడు, రాలేకపోయారు. ఆ ఘట్టాన్ని అభిమన్యుడి వైపునుంచి, పద్నాలుగేళ్ళ పిల్లలు చదివేలా, మూడు నాలుగు పుస్తకాలుగా తెలుగులో రాసినవారు నాకు తగల్లేదు. మన పురాణాల్లో పిల్లలంటే ఎక్కువగా ప్రహ్లాదుడూ ధ్రువుడూ మార్కండేయుడూ. వాళ్ళు చిన్నప్పుడే అన్నీ తెలిసిన మహానుభావులు. వాళ్ళకు నేర్చుకోవాల్సింది ఏమీ మిగలదు, చదివే పిల్లకు వాళ్ళలో తను కనబడదు.

ఈ ఖాళీని వేరేవాళ్ళు పూరిస్తున్నారు. రోషనీ చోక్షీ 2018లో మొదలుపెట్టిన ఆరూ షా సిరీస్‌లో పాండవులు ఆడపిల్లలుగా మళ్ళీ పుడతారు, అర్జునుడు అమెరికాలోని అట్లాంటాలో ఆరూగా. ఆరూ స్వయంగా అబద్ధాలకోరు, డబ్బున్న పిల్లల ముందు గొప్పలు చెప్పుకుంటుంది. ఆమె తల్లి ఆమె దగ్గర దాచింది ఇంకా పెద్దది. అర్జునుణ్ణి ఇంగ్లీషులో, అదీ అట్లాంటా మీదుగా తెప్పించుకోవాల్సి వచ్చినందుకు నాకు కొంచెం ఉక్రోషంగా ఉంది. గుంటకి ఆ ఉక్రోషమేమీ లేదు, నాలుగో పుస్తకం ఎప్పుడు కొంటావని అడుగుతోంది.

సరుకు లేకనా మన దగ్గర? మా ఊరు చూడండి. సింహాచలం స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూపం. బీచ్ రోడ్డుకి ఎదురుగా సముద్రం అడుగున 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఉంది, అది ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాలకీ ఈనాటికీ ఒక మాట లేదు. నేవీవాళ్ళు స్థలం వెతుక్కుంటుంటే 1976లో తొట్లకొండ మీద బౌద్ధారామం బయటపడింది, అన్ని వందల ఏళ్ళు కొండ కింద ఊళ్ళవాళ్ళకి ఏం తెలుసో ఏం తెలియదో! పోర్టు కళాసీ కూతురు ఒకతి, యారాడ కొండ లైటుహౌసు వెలుగులో ఎవరూ చూడనిది చూసిందని మొదలుపెడితే ఐదు పుస్తకాలు ఎక్కడికి పోతాయి?

గుంట నార్నియా చదివేటప్పుడు మా ఊరు ఇలాగే మాటల్లోకి వచ్చింది. అందులో నలుగురు పిల్లల్ని బాంబుల భయానికి లండన్ నుంచి పల్లెకి పంపేస్తారు, కథ అక్కడ మొదలవుతుంది. అదే యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద కూడా బాంబులు వేశాయని, జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళు పట్టిపోయారని గుంటకి చెప్పాను. నోరు తెరిచి చూసింది. ‘మన వైజాగ్ మీదా? స్కూల్లో ఒక్కరూ చెప్పలేదేటి?’ నార్నియా పక్కన పడేసి ఆ సాయంత్రమంతా ఏ వీధిలో పడ్డాయి, ఎవరు పోయారు, అమ్మమ్మకి తెలుసా అని నా ప్రాణం తీసింది. ఫాంటసీ చదివితే వాస్తవం మీద ఆసక్తి చస్తుందన్న మాట నా ముందు ఎవరూ అనకండి.

ఇంతా పొగిడాను కనుక తిట్టాల్సినవి కూడా తిట్టాలి. మొదటిది సాగదీత. ఎరగాన్ కథ మూడు పుస్తకాలని మొదలై నాలుగైంది, ఆ చివరి రెండింటిలో కోతకు వచ్చిన పేజీలు వందల్లో ఉన్నాయి. నిజం విప్పడానికి సమయం పట్టడం వేరు, విప్పడానికి నిజం మిగలక నడిపించడం వేరు. మొదటి పుస్తకం ఆడితే చాలు, మిగతావి నీళ్ళు కలిపైనా తెస్తున్నారు. ఇలాంటివి పిల్లలు ఇట్టే పసిగడతారు. మా ఇంట్లో రెండో పుస్తకం దగ్గర ఆగిపోయిన సిరీస్‌లు ఒక అర నిండా ఉన్నాయి.

రెండోది ఇంకా పెద్ద తగాదా. దాచిన నిజం చివరికి ఏమిటని తేలుతుంది? నూటికి ఎనభై చోట్ల ‘నువ్వు రాజుగారి బిడ్డవి’ అని. మన పాత సినిమాల్లో పుట్టుమచ్చ చూసి జమీందారు కౌగలించుకున్నట్టే. అంటే పేదింట్లో పెరిగి, కష్టపడి, స్నేహితుల్ని సంపాదించుకుని ఎదిగిన పిల్లలో గొప్పదనమంతా రక్తంలో ఉందని తేల్చేయడం. కులం పేరు అడిగి గానీ మంచినీళ్ళివ్వని మనుషులున్న చోట ఈ ముగింపు నాకు మింగుడుపడదు. ఈ విషయంలో హ్యారీ పోటర్ తెలివైన పని చేసింది. హెడ్మాస్టరు దాచింది ఒక జోస్యం, వోల్డెమార్ట్‌ని ఓడించగల పిల్లవాడు పుడతాడని. ఆ జోస్యం ఇద్దరు పిల్లలకు సరిపోతుంది, రెండోవాడు క్లాసులో అందరూ నవ్వే నెవిల్. వోల్డెమార్ట్ ఒకణ్ణి ఎంచుకున్నాడు కనుక వాడు హీరో అయ్యాడు. నీ పుట్టుకలో ఏమీ లేదు, శత్రువు నీ ఇంటికొచ్చాడు, అంతే. పదిహేనేళ్ళ పిల్లకు చెప్పదగిన నిజం ఇది.

ఇంగ్లీషు సంగతి కూడా దాచను. ఇవి ఇంగ్లీషు మీడియం పిల్లల సొత్తుగా ఉండిపోయాయి. మునిసిపల్ స్కూల్లో చదివే పిల్లకూ అమ్మ గాజులు మెరుగుకే వెళ్తాయి, ఆ పిల్లకి ఏ పుస్తకం ఇస్తాం? అనువాదాలు చాలవు, వచ్చినవి దుకాణంలో కనబడవు. దీనికి బ్లాగులో నేను మొత్తుకోవడం తప్ప వేరే దారి తోచడం లేదు.

చివరి సంపుటాల దగ్గర గుంటకీ నాకూ పడదు. అన్నేళ్ళు దాచిన పెద్దల్ని కథ చివరికి వచ్చేసరికి పిల్లలు క్షమించేస్తారు. హ్యారీ అయితే తన కొడుక్కి ఏకంగా ఇద్దరు మాస్టార్ల పేర్లు కలిపి పెట్టుకున్నాడు, ఆల్బస్ సెవెరస్ అని. ఒకాయన నిజం దాచినవాడు, రెండో ఆయన క్లాసులో ఆరేళ్ళు వేపుకు తిన్నవాడు. గది పగలగొట్టిన కుర్రాడేమయ్యాడని నా గొడవ. వాడు పెద్దవాడై, దాచినవాళ్ళ జట్టులో చేరిపోయాడు అంటాను. పెద్దయితే అర్థమవుతుంది కదా పిన్నీ అంటుంది. పద్నాలుగేళ్ళది నాకు చెప్పే మాటా అది!

ఇప్పుడు ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ ఇచ్చాను. చిన్న పుస్తకం, యుద్ధాలు లేవు, నా సిద్ధాంతానికి అడ్డం తిరిగే పుస్తకం కూడా. గెడ్ అనే కుర్రాడు తోటివాడి ముందు గొప్పకు పోయి, చేయకూడని మంత్రం చేసి ఒక నీడను లోకంలోకి వదులుతాడు, అది వాడి వెంట పడుతుంది. గురువులు హెచ్చరించారు, ఏదీ దాచలేదు. గుంట సగం చదివి విసుక్కుంది: ‘ఇందులో తప్పంతా వీడిదే. ఎవర్ని తిట్టాలి నేను?’ రెండో పుస్తకంలో పసితనంలోనే ఒక పిల్లను ఇంటినుంచి తెచ్చేసి, నువ్వు వెనకటి పూజారిణివే మళ్ళీ పుట్టావని నమ్మించి, పేరు కూడా తీసేసుకుంటారు. తిట్టడానికి అందులో పుష్కలంగా పెద్దవాళ్ళున్నారని చెప్పి, ముందు ఇది పూర్తి చెయ్యమన్నాను.